ఎర్నమ్మ పట్టిన తాడు

పరదేశయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే, అది నిజంగా తెలుసుకోవాలని అడిగిందయితే చేతిలో పని ఆపి వినేవారు. ప్రశ్న వెనక ఇంకేదో దాక్కుని ఉందనిపిస్తే పని చేసుకుంటూనే వినేవారు. ఆ మధ్యాహ్నం కామేశం వచ్చి ఎదురుగా నిలబడేసరికి ఆయన ఆశ్రమం వంటపాకలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. తీస్తూనే ఉన్నారు.

“గురువుగారూ, మనసులో ద్వేషం పెట్టుకుని చేసే సేవ సేవ అవుతుందా? అది కపటం కాదా? ముందు ఆ మాలిన్యం కడుక్కుని, ఆ తర్వాత కదా మనిషి చెయ్యి చాపాలి?”

ప్రశ్న శాస్త్రంలోంచి వచ్చినట్టే ఉంది. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడున్న మాకందరికీ తెలుసు. వాకిట్లో ఒక ఎడ్లబండి ఆగి ఉంది. కామేశాన్ని తీసుకుపోవడానికి దాని మీద వచ్చిన రామినాయుడు అనే రైతు పొద్దుటి నుంచి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతని ఊళ్లో నరసింహావధానిగారు పక్షవాతం వచ్చి పడి ఉన్నారు. పిల్లలు లేరు, భార్య పోయింది. ఒంటి మీద పుండ్లు పడుతున్నాయి. మూతి వంకరపోయి మాట సరిగా రావడం లేదు గానీ, వచ్చిన ఒక్క మాటా కామేశం పేరేనని రామినాయుడు చెప్పాడు.

కామేశం చిన్నతనం నుంచీ ఆ అవధానిగారి దగ్గరే పెరిగాడు. ఆయన కాళ్ల దగ్గరే చదువుకున్నాడు. ఒకనాడు పూజలో వెండి గిన్నె కనబడకపోతే, సభకి వచ్చిన పండితులందరి ముందూ అవధానిగారు కామేశం సంచీ బోర్లించి దులిపించారు. సంచీలో ఏమీ దొరకలేదు. అయినా చెంప మీద కొట్టి, దొంగ అని పేరు పెట్టి, ఆ పూటే ఊరు దాటించారు. తర్వాత ఇల్లు ఊడ్చే మనిషికి గిన్నె పీట వెనక దొరికింది. దొరికిన సంగతి అవధానిగారు ఎవరికీ చెప్పలేదు. తాను పొరబడ్డానని ఒక్కరితోనూ అనలేదు. కామేశం ఎక్కడికి వెళ్లినా ఆ పేరు అతని కంటే ముందే వెళ్లి కూర్చునేది. మా ఆశ్రమానికి వచ్చి ఇన్నాళ్లయినా ఆ మాట ఎత్తితే అతని దవడలు బిగుసుకునేవి.

“నాకు ఆయన మీద జాలి లేదు,” అన్నాడు కామేశం. ఈసారి గొంతులో శాస్త్రం లేదు. “ఆ మూతి వంకరపోయిందని విన్నప్పుడు, ఆ మూతే కదా నన్ను దొంగ అన్నది అనుకున్నాను. ఈ మనసుతో వెళ్లి ఆయనకి గంజి పోస్తే అది విషం పోసినట్టే. నా మనసు శుభ్రపడ్డాక వెళతాను. అప్పటిదాకా వెళ్లను.”

పరదేశయ్యగారు చేతిలో ఉన్న కాయని తుంచి బుట్టలో వేసి, “ఓడపాలెంలో ఒక రాత్రి సంగతి చెబుతాను, కూర్చో,” అన్నారు. కామేశం కూర్చోలేదు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు.

అది పరదేశయ్యగారు కాలినడకన తీరమంతా తిరిగే రోజుల్లో జరిగింది. అప్పటికి ఆయన పడుచువాడు. ఆ సాయంత్రం ఆకాశం కుండపెంకులా నల్లబడి, గాలి ఇసకని లేపి మొహాన కొడుతుంటే ఆయన ఓడపాలెం అనే జాలర్ల పేటకి చేరారు. కనబడిన మొదటి గుడిసె చూరు కింద నిలబడ్డారు. ఆ గుడిసె ఎర్నమ్మది. ఆమె లోపలికి రమ్మని, ముంతలో ఇంత గంజి పోసి ఇచ్చింది. తలకి నూనె లేదు, చేతికి గాజు లేదు. ఇద్దరు పసిపిల్లలు మూల కూర్చుని ఆ ముంత వైపే చూస్తున్నారు. ముసురు పట్టి వేటలు లేక ఆ పేటలో ఏ ఇంట్లోనూ పొయ్యి సరిగా వెలగడం లేదు.

“మీ ఆయన వేటకి వెళ్లాడా అమ్మా?” అని ఆయన అవేవీ గమనించక మాట వరసకి అడిగారు.

ఆ ఒక్క మాటకి ఆమె భగ్గుమంది.

ఎర్నమ్మ భర్త దానయ్య పోయి అప్పటికి ఏడాది. ఆ పేటలో పెద్దవల ఉన్నవాడు మసేను. ఒడ్డు నుంచి వేసే పెద్దవలకి ఊరంతా కావాలి. వల తాడు ఒక కొస ఒడ్డున జనం పట్టుకుంటారు. పడవ వలని మోసుకుపోయి సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి తిరిగొస్తుంది. తర్వాత రెండు వైపులా జనం నిలబడి లాగుతారు. వల మసేనుది, పడవ మసేనుది, పెద్దరికమూ మసేనుదే. ఏడాది కిందట ఇలాంటి గాలిలోనే దానయ్య ఇవాళ వద్దన్నాడు. మసేను అందరి ముందూ, “పెళ్లాం కొంగు సాటున కూకోరా,” అన్నాడు. దానయ్య పడవెక్కాడు. తిరిగొచ్చేటప్పుడు పడవ బోర్లపడింది. మసేను ఈదుకుని ఒడ్డున పడ్డాడు. దానయ్య విరిగిన తెడ్డు పట్టుకుని కెరటాల అవతల కేకలు వేస్తున్నాడు. ఒడ్డున ఇంకో తెప్ప ఉంది. తోసేవాళ్లూ ఉన్నారు. మసేను, “ముందు వల లాగండ్రా! వల పోతే ఊరు పోద్ది!” అని అరిచాడు. ఊరు వల లాగింది. వల ఒడ్డుకి వచ్చేసరికి కేకలు ఆగిపోయాయి.

“అంతతో ఊరుకున్నాడా?” అంది ఎర్నమ్మ. ఆమె గొంతు గాలికంటే పైకి లేచింది. “కులపోళ్లంతా కూకున్న సోట లేచి, తాగి పడవెక్కేడు, ఆడి సావు ఆడే సచ్చేడన్నాడు. నా మొగుడు తాగినోడే బాబూ, నేదన్ను. అందరూ తాగుతారు. ఆ దినం మాత్రం సుక్క ముట్టనేదు. గంజి తాగి ఎల్లేడు, నా సేత్తో పోసేను. సచ్చినోడి మీద అబద్ధం ఎట్టేడు. నా బిడ్డల్ని తాగుబోతోడి గుంటలంటన్నారు. ఆ మసేనుగాణ్ని సముద్రం మింగిననాడే నాను తలంటుకుంటాను.”

పరదేశయ్యగారు అప్పటికి కొంత చదివినవారు. చదివిన వాళ్లకుండే తొందరతో, “కోపం మనల్నే కాలుస్తుందమ్మా, మనసు కుదుట పరచుకో,” అన్నారు.

“నువ్వు గంజి తాగు బాబూ,” అంది ఆమె. “నీతులు రేపు సెప్దువుగాని.”

చీకటి పడ్డాక శంఖం ఊదిన చప్పుడైంది. ఒడ్డుకి రమ్మని పిలుపు అది. గాలికి బెదిరి కవళ్ల చేపల గుంపు ఒడ్డు దగ్గరికి వచ్చేసిందట. నీటి మీద మెరుపు కనబడుతోందట. ఇంత గాలిలో వల ఏమిటని ముసలివాళ్లు గొణిగారు గానీ, ఆకలి మీదున్న పేట కదిలింది. ఎర్నమ్మ కూడా చీర బిగించి కట్టుకుని లేచింది. మసేను వల ముట్టుకుంటావా అని పరదేశయ్యగారు అడగకుండానే ఆమె జవాబు చెప్పింది. “వల ఆడిది. సేప ఆడిది కాదు.” తాడు పట్టిన ప్రతి చేతికీ చేపలో వాటా ఉంటుంది. పిల్లలు తినాలి.

ఆయన కూడా వెంట వెళ్లారు.

ఒడ్డున రెండు లాంతర్లు. వాటిని తాటాకు గొడుగులు అడ్డం పెట్టి కాపాడుతున్నారు. వాన సూదుల్లా అడ్డంగా వస్తోంది. కెరటాలు కనబడవు, వినబడతాయి. మసేను పడవ వెనక భాగంలో నిలబడి వల మడతల్ని చూసుకుంటున్నాడు. బలమైన మనిషి. ఎర్నమ్మని చూసి మొహం తిప్పుకున్నాడు. నలుగురు తెడ్లు పట్టారు. పడవని నీటిలోకి తోశారు. ఒడ్డున తాడు కొస పట్టుకున్న వరసలో అందరికంటే ముందు ఎర్నమ్మ నిలబడింది. ఆమె వెనక పరదేశయ్యగారు. ఆయన వెనక పేటలో మగవాళ్లు.

పడవ మొదటి కెరటం దాటింది. రెండోది దాటింది. వల నీటిలో జారడం మొదలైంది. తాడు కొద్దికొద్దిగా చేతుల్లోంచి పోతోంది. అప్పుడు పక్కనుంచి వచ్చిన కెరటం ఒకటి పడవని ఎత్తి తలకిందులు చేసింది. మెరుపు మెరిసినప్పుడు చూస్తే పడవ అడుగు మాత్రమే కనబడింది.

తెడ్లవాళ్లు ఒకరి వెనక ఒకరు ఒడ్డున వచ్చి పడ్డారు. ఆఖరున వచ్చినవాడు ఇసకలో మోకాళ్ల మీద పడి, “మసేను వల్లో ఉండిపోయేడు! కాలికి సుట్టేసింది!” అని అరిచాడు. మళ్లీ మెరిసింది. వలని తేల్చే బెండ్లు నీటి మీద గొలుసులా ఊగుతున్నాయి. ఆ బెండ్లని కావలించుకుని ఒక తల లేస్తోంది, మునుగుతోంది.

వల బరువుకి సముద్రం బరువు తోడయింది. వెనక్కి పోయే కెరటం వలని లోపలికి ఈడ్చుకుపోతుంటే తాడు పట్టుకున్న వరసంతా నీటిలోకి జారింది. కాళ్ల కింద ఇసక కరిగిపోతోంది. వెనక ఎవరో, “వదిలేయండ్రా, మనమూ పోతాం!” అన్నారు. ఒకరిద్దరు వదిలేశారు. తాడు జర్రున జారి పరదేశయ్యగారి అరచేతులు చీరుకుపోయాయి. ఆయన కూడా వదిలేసేవారేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. వదలకపోవడానికి కారణం, ముందున్న మనిషి తాడుని నడుముకి ఒక చుట్టు చుట్టుకుంది. ఆయన వదిలితే ఆమె పోతుంది.

ఎర్నమ్మ నడుము లోతు నీటిలో ఉంది. వెనక్కి తిరిగి, “వదిలినోడి సేతులు ఇరిసేస్తాను! పట్టండ్రా!” అంది. వదిలినవాళ్లు మళ్లీ పట్టుకున్నారు. కానీ లాగడం కుదరలేదు. వల లాగేటప్పుడు ఒకడు పాట ఎత్తుకోవాలి, మిగిలినవాళ్లు హైలెస్సా అని ఒక్కసారి గుంజాలి. అలా అయితేనే బలం కలుస్తుంది. ఆ పేటలో పాట ఎత్తుకునేవాడు మసేను. అతను వల్లో ఉన్నాడు. ఎవరికి తోచినట్టు వాళ్లు గుంజుతుంటే తాడు కదలడం లేదు.

అప్పుడు ఎర్నమ్మ ఎత్తుకుంది. అది పాట కాదు.

“ఓరి మసేనుగా!”

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ తర్వాత వెనక నుంచి ఎవరో పలికారు. “హైలెస్సా!”

“నీ పాడె కట్టా!”

“హైలెస్సా!”

తాడు ఒక మూర వచ్చింది.

“నీ వల తగలెట్టా!” “హైలెస్సా!” “నీ నోట మన్ను పడా!” “హైలెస్సా!” ఒక్కొక్క తిట్టుకీ ఒక్కొక్క మూర. కెరటం వెనక్కి పోయేటప్పుడు బిగబట్టి నిలబడటం, ముందుకి వచ్చేటప్పుడు తిట్టి గుంజడం. ఆమె విరబోసుకున్న జుట్టు తడిసి కొరడాలా పరదేశయ్యగారి మొహాన కొడుతోంది. ఆమె గొంతు చీలిపోయింది. అయినా ఆగలేదు.

“నా మొగుణ్ని మింగినోడా!”

ఈసారి హైలెస్సా రాలేదు. వెనక తాడు పట్టింది ఏడాది కిందట వల లాగిన చేతులే.

ఆమె వెనక్కి తిరిగింది. మెరుపులో ఆ మొహం చూసిన పరదేశయ్యగారు దాన్ని మళ్లీ ఎప్పుడూ మరిచిపోలేదట. “పలకండ్రా!” అని అరిచింది. “ఆ దినం వల లాగినప్పుడు అందరూ పలికేరు. ఇయ్యేళ నోళ్లు పడిపోయేయా? పలకండి! నా మొగుణ్ని మింగినోడా!”

“హైలెస్సా!” అంది ఊరు. కొందరు ఏడుస్తూ పలికారు.

అలా ఎంతసేపో ఆయనకి తెలియదు. వల ముద్ద ఒకటి, పాచితో, ఇసకతో, నాలుగు చేపలతో ఒడ్డుకి వచ్చి పడింది. దానిలో మసేను ఉన్నాడు. కత్తితో వల కోసి అతన్ని బయటికి లాగారు. ఎర్నమ్మే బోర్లా తిప్పి, వీపు మీద మోకాలు వేసి నొక్కింది. నీళ్లు కక్కాడు. ఊపిరి తీసుకున్నాడు. అతను కళ్లు తెరవగానే ఆమె చెంప మీద ఫెడీమని కొట్టింది. జుట్టు పట్టుకుని మొహం దగ్గరికి వంగింది.

“సెప్పు. నా మొగుడు తాగేడా? తాగి ఎక్కేడా?”

అతని పెదాలు కదిలాయి. గాలి హోరులో వెనకవాళ్లకి ఏమీ వినబడలేదు. పక్కనే మోకాళ్ల మీద ఉన్న పరదేశయ్యగారికి వినబడింది.

“నేదు... తాగనేదు.”

అంతలో మగవాళ్లు వచ్చి అతన్ని ఎత్తుకుపోయారు.

మర్నాడు గాలి తగ్గింది. ఎర్నమ్మ కులపెద్దల్ని పిలిపించింది. వలలు ఆరేసే పాకలో అందరూ కూర్చున్నారు. మసేను దుప్పటి కప్పుకుని వచ్చాడు. రాత్రి అన్న మాట ఇప్పుడు అందరి ముందూ అనమంది ఆమె. అతను నేల చూస్తూ, “నానేటన్నానో నాకు గేపకం నేదు. నీళ్లు మింగినోడు ఏటైనా అంటాడు,” అన్నాడు.

పరదేశయ్యగారు లేచి, “నేను విన్నాను. తాగలేదన్నాడు. నా చెవులతో విన్నాను,” అన్నారు.

పెద్దవాళ్లలో ఒకడు మర్యాదగానే నవ్వాడు. “బాబూ, తవరు దారిన పోయే సన్నాసులు. ఆ గాలిలో ఎవులేటి అన్నారో ఎవులికి తెల్సు? ఊరు గొడవ ఊరుకి ఒదిలేయండి.” మిగిలినవాళ్లు తలలూపారు. రాత్రి ఆమె తిట్టుకి గొంతు కలిపినవాళ్లే. మసేను రాత్రి అన్న మాట నిజమైతే ఆ ఏడాది కిందటి సాయంత్రం తాము ఏం చేసిందీ మళ్లీ తలుచుకోవాలి. ఎవరికీ ఆ పని ఇష్టం లేదు.

ఆ క్షణంలో పరదేశయ్యగారికి ఒళ్లు మండిపోయింది. అంతకు ముందు సాయంత్రం ఆమెకి చెప్పిన నీతి ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆ తాడు ఎందుకు పట్టుకున్నానా అనుకున్నారు. చేతులకి కట్టిన గుడ్డల్లోంచి నెత్తురు ఊరుతోంది. ఆ చేతులతోనే మసేను పీక నులమాలనిపించిందట.

ఎర్నమ్మ ఏడవలేదు. లేచి మసేను దగ్గరికి నడిచి, అతని మొహాన ఉమ్మేసి, పాక బయటికి వెళ్లిపోయింది.

ఆయన వెనకాలే వెళ్లారు. ఆమె అప్పటికే బుట్ట నెత్తిన పెట్టుకుని పై ఊరికి చేపలమ్మడానికి బయలుదేరింది. రాత్రి దొరికిన నాలుగు చేపల్లో తన వాటా అడిగి మరీ తీసుకుంది. ఆమెతో పాటు ఇసకలో నడుస్తూ, ఆగలేక అడిగారు. “ఎందుకు లాగావమ్మా వాణ్ని?”

ఆమె ఆగి ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

“నువ్వూ లాగేవు కదా బాబూ,” అంది. “నీకు తెల్దేటి?”

పరదేశయ్యగారు అక్కడితో ఆపి చిక్కుడు గింజ ఒకటి నేల మీద పడితే ఏరుకున్నారు. అరుగు మీద రామినాయుడు లేచి ఎద్దులకి నీళ్లు పెట్టడానికి వెళ్లాడు. కామేశం ఇంకా నిలబడే ఉన్నాడు. అతని మొహం కందిపోయింది.

“ఇదేమిటి గురువుగారూ?” అన్నాడు. గురువు దగ్గర అంత గట్టిగా మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు. “ఆమెకి న్యాయం జరగలేదు. వాడికి బుద్ధి రాలేదు. బతికించినవాడే మళ్లీ అబద్ధం ఆడాడు. ఊరు మళ్లీ వాడి పక్కనే నిలబడింది. పోనీ, ఆమె మనసైనా చల్లబడిందా అంటే అదీ లేదు!”

“లేదు,” అన్నారు పరదేశయ్యగారు.

“ఆ తర్వాతైనా?”

“మొన్న వానాకాలం ముందు కూడా ఆ పేటకి వెళ్లాను. ఎర్నమ్మ ముసలిదయింది. ఇప్పటికీ మసేను ఎదురైతే ఉమ్ముతుంది. ఒక్కోసారి గాలివాటుకి అతని మీదే పడుతుంది.”

కామేశం గొంతు తగ్గించి, “అప్పుడు అతనేం చేస్తాడు?” అని అడిగాడు.

పరదేశయ్యగారు చేతిలో పని ఆపారు.

“తుడుచుకుంటాడు నాయనా,” అన్నారు. “తుడుచుకోవడానికి ఉన్నాడు కదా.”